ఊరేగింపు ఖర్చు ఎవరిది?

రెండేళ్ళ కిందట, దసరాకు ముందు, మా పట్టణంలో ఒక పెద్ద బట్టల దుకాణం తెరిచారు. ప్రారంభోత్సవం నాడు ఊళ్ళో పిల్లల ఊరేగింపు జరపాలని యజమానులకు తోచింది. మా బడికి వచ్చి, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని పంపితే ఇరవై బెంచీలు ఇస్తామన్నారు. మా పిల్లల్లో సగంమంది నేలమీద కూర్చుంటున్నారు. ప్రధానోపాధ్యాయులు ఒప్పుకున్నారు. పిల్లల్ని వరసలో నడిపించే పని నాకు అప్పగించారు. నేనూ కాదనలేదు. దుకాణం పేరు అచ్చువేసిన టోపీలు పెట్టుకుని, అదే పేరున్న జెండాలు పట్టుకుని, అరవైమంది పిల్లలు మూడు కిలోమీటర్లు ఎండలో నడిచారు. బాండు మేళం ఉంది, ఏనుగు బొమ్మ ఉంది. పిల్లలు సంతోషంగానే నడిచారు. తిరిగి వస్తున్నప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె, "ఇవాళ ఏం పండగండీ మాస్టారూ?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదలలేదు. వర్తకులు జరిపే ఊరేగింపుల సంగతి చదువుతూ పోతే, వాటన్నిటికీ పెద్దన్న వంటిది న్యూయార్కులో కనిపించింది. అది మేసీస్ అనే దుకాణం ఏటా నవంబరు నాలుగో గురువారం నాడు, థాంక్స్‌గివింగ్ పండుగ ఉదయం, జరిపే ఊరేగింపు. నేను దాన్ని ఆ వీధిలో నిలబడి చూడలేదు. పూర్తి ప్రసారాన్ని తెరమీద చూశాను. న్యూజెర్సీలో ఉంటున్న నా పూర్వ విద్యార్థి ఒకడు కూతుర్ని భుజాన ఎక్కించుకుని వెళ్ళి చూసి వచ్చి, ఫోనులో చెప్పాడు. "చలిలో నాలుగు గంటలు నిలుచున్నామండీ. పాపకి స్నూపీ కనిపించింది, అంతే చాలు," అన్నాడు. ఆ పాప ఆనందాన్ని నేను తక్కువ చెయ్యను. విమర్శకుడు మొదట ఒప్పుకోవలసింది ఆ ఆనందాన్నే.

ఊరేగింపు సాహిత్య విమర్శకు విషయమవుతుందా అని కొందరు మిత్రులు సందేహించవచ్చు. కథ, పాత్రలు, వేషాలు, సంగీతం, ప్రేక్షకులు ఉన్నప్పుడు అది ఒక ప్రదర్శన. ప్రదర్శన అయినప్పుడు మనం వీధినాటకాన్నీ సినిమానూ అడిగే ప్రశ్నలే దాన్నీ అడగవచ్చు. కర్త ఎవరు? ఎవరికోసం? ఎవరి ఖర్చుతో? మొదటి రెండు ప్రశ్నలకు జవాబు మూడోదానిలో ఉందని నా అభిప్రాయం.

ముందు చరిత్ర చూద్దాం. రోలండ్ హస్సీ మేసీ న్యూయార్కులో 1858లో దుకాణం పెట్టాడు. తర్వాత అది స్ట్రాస్ కుటుంబం చేతికి వచ్చి, 1902లో ముప్పై నాలుగో వీధిలోని హెరాల్డ్ స్క్వేర్‌కు మారింది. 1924లో భవనాన్ని విస్తరించి, ప్రపంచంలోకెల్లా పెద్ద దుకాణమని చాటుకున్నారు. ఆ ఏడే, నవంబరు 27న, మొదటి ఊరేగింపు బయలుదేరింది. హార్లెంలో నూట నలభై అయిదో వీధి నుంచి దుకాణం దాకా సుమారు ఆరు మైళ్ళు. నడిచినవారు దుకాణం ఉద్యోగులు. సెంట్రల్ పార్కు జంతుప్రదర్శనశాల నుంచి జంతువుల్ని తెచ్చారు. బండ్లమీద పిల్లల పాటల్లోని పాత్రల్ని నిలబెట్టారు. చివర శాంతాక్లాజు వచ్చి దుకాణం గుమ్మం మీద సింహాసనం ఎక్కాడు. వెంటనే క్రిస్మస్ కోసం అలంకరించిన అద్దాల కిటికీల తెరలు తొలగించారు. జరిగింది థాంక్స్‌గివింగ్ నాడు. పెట్టిన పేరు మాత్రం మేసీస్ క్రిస్మస్ పరేడ్. ఒక పండుగ నాడు మరొక పండుగ పేరు ఎందుకు వచ్చింది? మొదటిది తిని కూర్చునే పండుగ, రెండోది కొని ఇచ్చే పండుగ. వర్తకుడికి కావలసింది రెండోది.

ఈ ఎత్తుగడ మేసీస్ కనిపెట్టింది కూడా కాదు. కెనడాలో టొరంటో నగరంలో ఈటన్స్ దుకాణం 1905లోనే శాంతాక్లాజును ఊరేగించింది. ఫిలడెల్ఫియాలో గింబెల్స్ 1920లో థాంక్స్‌గివింగ్ ఊరేగింపు మొదలుపెట్టింది. డెట్రాయిట్‌లో హడ్సన్స్ కూడా 1924లోనే ప్రారంభించింది. బహుళ అంతస్తుల దుకాణాలు ఒకదానితో ఒకటి పోటీ పడుతున్న కాలం అది. సరుకు అందరి దగ్గరా ఒకటే. ధర తగ్గించడానికి ఒక హద్దు ఉంది. ఇక పోటీ పడవలసింది జనం మనసులో చోటు కోసం.

ఈ ఊరేగింపు పుట్టుక గురించి దుకాణం వారు చెప్పే కథ వేరు. ఉద్యోగుల్లో చాలామంది ఐరోపానుంచి వలస వచ్చినవారు. తమ దేశాల్లో చూసిన ఉత్సవాల వంటిది ఈ కొత్త దేశంలోనూ జరుపుకోవాలని వాళ్ళే కోరారట. ఇది అబద్ధమని నేను అనను. పనిచేసే మనిషికి పండుగ మీద మమకారం ఉంటుంది, పరాయి దేశంలో మరింత ఉంటుంది. కాని వాళ్ళ స్వదేశాల ఉత్సవాలు చర్చి ముందో ఊరి నడిబొడ్డునో ముగిసేవి. ఇది యజమాని గుమ్మం ముందు ముగిసింది. కోరిక కార్మికులది. దారి గీసినవాడు యజమాని. ప్రజల కోరికలో నిజం ఉండబట్టే వర్తక కళ నిలుస్తుంది. ఉత్త అబద్ధమైతే వందేళ్ళు నడవదు.

ఆ పండుగ నాడు అంతకుముందు న్యూయార్కు వీధుల్లో ఏం జరిగేది? పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి అక్కడ ఒక ఆచారం ఉండేది. పేదపేటల పిల్లలు చింకిగుడ్డలు కట్టుకుని, పెద్దవాళ్ళ కోట్లు వేలాడేసుకుని, ముఖాలకు మసి పూసుకుని, ఇంటింటికీ దుకాణం దుకాణానికీ తిరిగి, పండుగ మామూలు అడిగేవారు. చిల్లర డబ్బులో, ఆపిలు పండో, మిఠాయో దొరికేది. దీన్ని రాగముఫిన్ డే అనేవారు, అంటే చింకిపాతల దినం. గౌరవనీయులకు ఇది నచ్చలేదు. 1930లో న్యూయార్కు పాఠశాలల పర్యవేక్షకుడు, పిల్లలు వేషాలు వేసుకుని బిచ్చమెత్తడం ఆధునిక కాలానికి తగదని, మాన్పించమని ప్రధానోపాధ్యాయులకు చెప్పాడు. క్రమంగా ఆ ఆచారం సన్నగిల్లింది. వేషం వేసి ఇంటింటికీ తిరగడం అక్టోబరు చివరి హాలోవీన్ పండుగకు చేరింది. మేసీసే దీన్ని చంపిందని అంటే అతిశయోక్తి. అయితే ఒకే ఉదయం, ఒకే నగరంలో, వేషం వేసి వీధిలోకి వచ్చే పిల్లవాడు తగ్గిపోవడం, వేషాన్ని చూడటానికి కాలిబాట మీద నిలబడే పిల్లవాడు పెరగడం ఒకే కాలంలో జరిగాయి.

ఇది చదివినప్పుడు నాకు మా తాతగారు గుర్తుకొచ్చారు. ఆయన వీధిబడి పంతులు. దసరాకు పిల్లల చేతికి విల్లంబులు ఇచ్చి, పాటలు పాడిస్తూ ఇల్లిల్లూ తిప్పేవారట. పిల్లలకు పప్పుబెల్లాలు, పంతులుకు దక్షిణ. అందులో దైన్యం లేదని నేను అనను. జీతం లేని పంతులు ఏడాది గ్రాసానికి వెతుక్కున్న దారి అది. కాని అక్కడ లెక్క అందరికీ కనిపించేది. పంతులు చదువు చెప్పాడు, పిల్లలు పాడారు, ఊరు ఇచ్చింది. న్యూయార్కు చింకిపాతల పిల్లవాడిదీ అంతే. వాడు అడిగాడు, దుకాణదారు ఇచ్చాడు. ఉన్నవాడు లేనివాడికి పండుగ పూట బాకీ ఉన్నాడన్న భావం ఆ ఆచారంలో మిగిలి ఉంది. మేసీస్ ఊరేగింపులో ఈ సంబంధం కనపడకుండా పోయింది. అక్కడ అడిగేవాడే లేడు. దుకాణం నగరానికి ఉచితంగా కానుక ఇస్తున్నది, నగరం చేతులు చాచి అందుకుంటున్నది. ప్రదర్శన మనకు చెప్పే ప్రధాన కథ ఇదే.

ఈ కథను లెక్కతో పరీక్షించాలి. ఊరేగింపుకు మొత్తం ఎంత ఖర్చవుతుందో మేసీస్ బయటపెట్టదు. కానుకకు ధర చీటీ ఉండకూడదు గదా! అయినా ఎవరెవరు ఏమేమి ఇస్తున్నారో చూడవచ్చు.

మొదటిది, కంపెనీ స్వయంగా పెట్టేది. న్యూజెర్సీలో మూనాకీ అనే చోట దానికి ఒక కర్మశాల ఉంది. శిల్పులు, వడ్రంగులు, వెల్డర్లు, రంగులు వేసేవాళ్ళు, కుట్టుపనివాళ్ళు ఏడాది పొడుగునా అక్కడ పనిచేస్తారు. నదికింద సొరంగంలోంచి నగరంలోకి తేవాలి కాబట్టి, మూడంతస్తుల శకటమైనా పన్నెండున్నర అడుగుల ఎత్తుకు, ఎనిమిది అడుగుల వెడల్పుకు మడిచేటట్టు కడతారు. ఆ నేర్పు చూస్తే మన రథాలు కట్టే వడ్రంగులు గుర్తుకొస్తారు. తెరమీద మాత్రం వాళ్ళకంటే పాటగాళ్ళే ఎక్కువ కనిపిస్తారు.

రెండోది, ఇతర కంపెనీలు ఇచ్చేది. ఆకాశంలో తేలే ఆ బ్రహ్మాండమైన బొమ్మలు 1927లో మొదలయ్యాయి. బొమ్మలాటగాడు టోనీ సార్గ్ రూపకల్పన చెయ్యగా, ఒహాయోలోని గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీ తయారుచేసింది. మొదటివాటిలో ఒకటి ఫెలిక్స్ పిల్లి, అప్పటికే పేరుపడిన సినిమా బొమ్మ. 1934లో మికీ మౌస్ వచ్చింది. 1968 నుంచి స్నూపీ వస్తున్నది. 1987లో హాంబర్గర్ల కంపెనీ వారి కోమాళి రోనాల్డ్ మెక్‌డోనాల్డ్ వచ్చాడు. పౌరాణిక పాత్ర ఎవరి సొత్తూ కాదు. హనుమంతుడి వేషం వెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈ బొమ్మల్లో ఎక్కువ భాగానికి సొంతదారులు ఉన్నారు, హక్కు పత్రాలు ఉన్నాయి. ఊరేగడానికి ఆ సొంతదారులు రుసుము చెల్లిస్తారు. అంటే దుకాణం తన ఊరేగింపులో చోటును ఇతర వర్తకులకు అమ్ముతున్నది.

మూడోది, టెలివిజన్. 1948లో దేశమంతటికీ ప్రసారం మొదలైంది. ఎన్.బి.సి. సంస్థ దశాబ్దాలుగా దీన్ని ప్రసారం చేస్తున్నది. రెండు కోట్లకు పైగా జనం చూస్తారు. హక్కులకు ఆ సంస్థ డబ్బు ఇస్తుంది, ప్రకటనకర్తల దగ్గర రాబట్టుకుంటుంది. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఊరేగింపు ముగిసే చోట, దుకాణం ముందు, కెమెరాల కోసం నాటకబృందాలు ఆగి ఆడి పాడతాయి. ఆ కొద్ది వీధుల్లో మామూలు జనానికి చూసే వీలు తక్కువ, అక్కడికి రావద్దని నిర్వాహకులే సలహా ఇస్తారు. వీధి ప్రదర్శనకు గుండెకాయ వంటి చోట వీధి జనం లేరు! కాలిబాట మీద తెల్లవారుజామునుంచి నిలబడినవాళ్ళు ప్రసారంలో నేపథ్య దృశ్యంగా మారిపోయారు. 2020లో మహమ్మారి రోజుల్లో ఈ సత్యం బట్టబయలైంది. రెండున్నర మైళ్ళ దారి రద్దయింది. దుకాణం ముందు ఒక్క వీధిలో, జనం లేకుండా, కెమెరాల కోసమే ఊరేగింపు జరిగింది. జనం లేకపోయినా పని నడిచింది. కెమెరా లేకపోతే నడిచేదా?

నాలుగోది, కూలి లేని శ్రమ. బొమ్మల తాళ్ళు పట్టుకుని నడిచేవారు, కోమాళి వేషాలు వేసేవారు స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు. వారిలో ఎక్కువమంది ఉద్యోగులూ వాళ్ళ బంధుమిత్రులూ. ఒక్కొక్క పెద్ద బొమ్మకు పదులకొద్దీ మనుషులు కావాలి. వాళ్ళు ఇష్టంతోనే వస్తారు, కొందరు ఏళ్ళతరబడి వస్తారు. ఆ ఇష్టాన్ని గౌరవిస్తూనే చెప్పాలి. ఇష్టంతో చేసినా శ్రమ శ్రమే, దాని ఫలితం కంపెనీ లెక్కలో చేరుతుంది.

అయిదోది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. దేశం నలుమూలలనుంచీ హైస్కూలు పిల్లల బాండు మేళాలు వస్తాయి. ఏడాదికి పైగా ముందే ఎంపిక జరుగుతుంది. ఆ కబురు వచ్చిన రోజు ఆ ఊళ్ళో పండుగే. తర్వాత ప్రయాణం, బస, భోజనం ఖర్చుల కోసం పిల్లలూ తల్లిదండ్రులూ చందాలు పోగుచేస్తారు. కేకులు అమ్ముతారు, కార్లు కడుగుతారు. కంపెనీ కొంత ప్రారంభ సహాయం చేసినా, ఒక్కొక్క పిల్లవాడికీ వెయ్యి డాలర్లకు పైబడే ఖర్చులో అధికభాగం వాళ్ళమీదే పడుతుంది. దుకాణం ముందు వాయించడానికి పిల్లలే డబ్బు పెట్టుకుని వస్తున్నారన్నమాట. ఆలోచిస్తే రాగముఫిన్ పిల్లవాడు పూర్తిగా పోలేదు. వాడు ఇప్పుడు యూనిఫారం వేసుకుని, తన ఊళ్ళో ఇంటింటికీ తిరిగి చందా అడిగి, ఆ డబ్బుతో దుకాణం ఊరేగింపుకు వస్తున్నాడు. అడిగే దిశ మారింది.

ఆరోది, నగరం. వీధులు నగరానివి, పోలీసు బందోబస్తు నగరానిది, తర్వాత ఊడ్చేది నగర పారిశుధ్య కార్మికులు. బొమ్మలకు అడ్డం రాకుండా వీధి దీపాల సంకేత స్తంభాల చేతుల్ని పక్కకు తిప్పేది నగర సిబ్బంది. హోటళ్ళకూ రైళ్ళకూ వ్యాపారం వస్తుంది కాబట్టి నగరానికి నష్టం లేదని వాదించేవారున్నారు. ఆ వాదంలో కొంత నిజముంది. కాని హోటలు యజమాని లాభాన్నీ పారిశుధ్య కార్మికుడి జీతాన్నీ ఒకే గంపలో వేసి 'నగరం' అని పేరు పెట్టడం సరైన లెక్క కాదు.

ఈ ఆరు పద్దులూ కలిపి చూస్తే కానుక కథ మారిపోతుంది. మేసీస్ ఏమీ ఇవ్వడం లేదని కాదు, చాలానే ఇస్తున్నది. కాని అది ఇచ్చిన దానిపక్కన ఇతర వర్తకుల రుసుము, టెలివిజన్ డబ్బు, ఉద్యోగుల సెలవురోజు, బడిపిల్లల చందా, నగరం పన్ను ఉన్నాయి. అందరి సొమ్మూ కలిసి ఒక పండుగ అయింది. దానిమీద ఒక్కడి పేరు పడింది. ఇదే ఈ ప్రదర్శనలోని అర్థశాస్త్రం.

పేరే కాదు, తేదీ కూడా వర్తకుల ప్రభావానికి లోబడింది. అబ్రహాం లింకన్ 1863లో ప్రకటించిన నాటినుంచి థాంక్స్‌గివింగ్ నవంబరు చివరి గురువారం నాడు జరిగేది. 1939లో ఆ నెలలో అయిదు గురువారాలు వచ్చాయి, చివరిది 30వ తేదీ. క్రిస్మస్ కొనుగోళ్ళకు రోజులు తక్కువవుతాయని పెద్ద దుకాణదారులు ఆందోళన చెందారు. వారిలో ముఖ్యుడు ఫెడరేటెడ్ దుకాణాల సంస్థకు చెందిన ఫ్రెడ్ లాజరస్. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పండుగను ఒక వారం ముందుకు, 23కు జరిపాడు. దేశం రెండుగా చీలింది. 48 రాష్ట్రాల్లో 23 కొత్త తేదీని, 22 పాత తేదీని పాటించాయి. మూడు రాష్ట్రాలు రెండూ చేసుకున్నాయి. అమ్మకాలు పెరగలేదని 1941లో రూజ్‌వెల్టే ఒప్పుకున్నాడు. చివరకు అదే ఏడు డిసెంబరులో నాలుగో గురువారమని చట్టం చేశారు. తిథినక్షత్రాలు చూసి పండుగ నిర్ణయించడం మనం ఎరుగుదుం. అంగడి లెక్క చూసి నిర్ణయించడం ఇది. ఆ లాజరస్ స్థాపించిన ఫెడరేటెడ్ సంస్థే 1994లో మేసీస్‌ను కొన్నది, 2007లో తన పేరునే మేసీస్‌గా మార్చుకున్నది. ఇక ఆ పండుగకు మూలమని చెప్పే విందులో రెండోపక్షమైన ఆదివాసులు 1970 నుంచి అదే రోజున ప్లిమత్‌లో శోకదినం పాటిస్తున్నారు. ఒకే రోజున కొందరికి అంగడి, కొందరికి కృతజ్ఞత, కొందరికి శోకం. ఊరేగింపు మాత్రం అన్నిటిమీదా ఒకే నవ్వు పరుస్తుంది.

ఆ నవ్వు వెనక ప్రమాదం కూడా ఉంది. మొదట్లో ఊరేగింపు అయ్యాక బొమ్మల్ని ఆకాశంలోకి వదిలేసి, తెచ్చి ఇచ్చినవారికి బహుమతి ఇచ్చేవారు. 1932లో ఒక చిన్న విమానం రెక్కకు బొమ్మ చుట్టుకుని కూలబోయింది. ఆ ఎత్తుగడ అంతటితో ఆగింది. 1997లో పెద్దగాలి వీచిన రోజున, ఒక పిల్లి బొమ్మ దీపస్తంభాన్ని కొట్టింది. స్తంభం ముక్క తగిలి చూడవచ్చిన నలుగురు గాయపడ్డారు. ఒక స్త్రీ తలకు దెబ్బ తగిలి చాలారోజులు స్పృహలేకుండా ఉంది. తర్వాతనే నగరం బొమ్మల పరిమాణానికీ గాలివేగానికీ హద్దులు పెట్టింది. మరి 1997కు ముందు ఆ హద్దుల్ని ఎవరు చూడాలి? కానుక ఇచ్చేవాణ్ణి ప్రశ్నించడం మర్యాద కాదన్న భావం ఉన్నచోట తనిఖీ ఆలస్యంగానే వస్తుంది.

ఈ ఊరేగింపును కథలో పెట్టిన సినిమా ఒకటి ప్రస్తావించాలి. జార్జ్ సీటన్ దర్శకత్వంలో 1947లో వచ్చిన 'మిరకిల్ ఆన్ థర్టీఫోర్త్ స్ట్రీట్'. 1946 నాటి నిజమైన ఊరేగింపులోనే అందులో కొంత చిత్రించారు. ఎడ్మండ్ గ్వెన్ అనే నటుడు ఆ రోజు నిజంగానే శాంతాక్లాజుగా ఊరేగాడు. కథలో తాత శాంతాక్లాజు, మేసీస్‌లో దొరకని బొమ్మ ఫలానా దుకాణంలో దొరుకుతుందని తల్లులకు చెబుతాడు. అధికారులు మొదట కంగారుపడతారు. కాని తల్లులు మెచ్చుకుంటారు, ఇకనుంచి మేసీస్‌కే వస్తామంటారు. వెంటనే యజమాని దాన్ని దుకాణం విధానంగా ప్రకటిస్తాడు. పోటీదారు గింబెల్ కూడా అనుసరిస్తాడు. మంచితనం మంచి పెట్టుబడి అని ఇంత స్పష్టంగా చెప్పిన సినిమా అరుదు. ఇది ఆ సినిమా బలం. యజమాని మనసు మారలేదు, లెక్క మారిందని దర్శకుడు దాచలేదు. బలహీనత ఏమిటంటే అక్కడే ఆగిపోవడం. పండుగ ఉత్త వ్యాపారమైపోయిందని ఆ కథలో వాపోయే ఉద్యోగి ఒక్కడే, నేల ఊడ్చే కుర్రవాడు ఆల్ఫ్రెడ్. అతడి మాట విని తాత జాలిపడతాడు. కథ మాత్రం ఆల్ఫ్రెడ్ జీతం ఎంత అని అడగదు. క్రిస్మస్ కథ అయినా, ఎండాకాలంలో జనం సినిమాలకు ఎక్కువ వస్తారని ఆ లెక్కన వేసవిలో విడుదల చేశారు. కథలోని నీతిని కథ బయట నిర్మాతలు చక్కగా పాటించారు.

ఆల్ఫ్రెడ్ వారసుల సంగతి ఏమైంది? 2013లో మేసీస్ మొదటిసారిగా థాంక్స్‌గివింగ్ రాత్రి ఎనిమిదింటికి దుకాణాలు తెరిచింది. తర్వాతి ఏడు ఆరింటికి, ఇంకొన్నాళ్ళకు అయిదింటికి. పొద్దున కుటుంబ పండుగను కీర్తించిన కంపెనీ, సాయంత్రానికి ఉద్యోగుల్ని భోజనం బల్లల దగ్గరనుంచి లేపింది. 2020లో మహమ్మారి వచ్చాక గాని ఆ పద్ధతి ఆగలేదు. 1992 జనవరిలో కంపెనీ దివాలా రక్షణ కోరింది, ఆ నవంబరులో ఊరేగింపు మామూలుగానే సాగింది. 2024 ఫిబ్రవరిలో సుమారు నూట యాభై దుకాణాలు మూసివేస్తామని ప్రకటించింది, అదే ఏడు ఊరేగింపు వందో సంవత్సరం వేడుకగా జరిగింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉన్నవాడు కూడా తాడు పట్టుకుని నడిచి ఉండవచ్చు. ఇందులో ఆశ్చర్యం లేదు. దుకాణం నష్టపోయే కొద్దీ దానికి మిగిలే ఆస్తి ఈ పేరే.

అయితే చరిత్రలో ఇంకో పాఠం ఉంది. ఫిలడెల్ఫియాలో ఊరేగింపు మొదలుపెట్టిన గింబెల్స్ 1987లో మూతపడింది, అక్కడి ఊరేగింపు ఆగలేదు. ఈటన్స్ 1982లో టొరంటో ఊరేగింపును వదులుకుంది, 1999లో దివాలా తీసింది. ఊరివాళ్ళు ఊరేగింపును నిలబెట్టుకున్నారు. డెట్రాయిట్‌లో హడ్సన్స్ 1979లో తప్పుకుంది, అక్కడా ఊరేగింపు బతికింది. ఒక యజమాని స్థానంలో పదిమంది ప్రాయోజకులు వచ్చారన్నది నిజమే, కాబట్టి దీన్ని ప్రజల విజయమని డప్పు కొట్టను. కాని ఒక్క విషయం రుజువైంది. ఊరేగింపు దుకాణం మీద ఆధారపడి లేదు, దుకాణమే ఊరేగింపు మీద ఆధారపడింది. బ్రూక్లిన్‌లోని బే రిడ్జ్ పేటలో 1967 నుంచి చింకిపాతల పిల్లల ఊరేగింపును మళ్ళీ జరుపుకుంటున్నారు. పిల్లలే వేషం వేస్తారు, పిల్లలే నడుస్తారు. వేలం వెయ్యడానికి అందులో ఆకాశంలో తేలే బొమ్మలు లేవు.

కాబట్టి నా నిర్ణయం ఇది. ఆ పాప స్నూపీని చూసి కేరింత కొట్టడం అబద్ధం కాదు. బాండు పిల్లవాడి గర్వం అబద్ధం కాదు. అబద్ధమల్లా ఆ ఆనందాన్ని ఎవరు ఇచ్చారన్న చోట ఉంది. పండుగను దుకాణం తయారుచెయ్యలేదు. పండుగ వచ్చే దారిలో అది తన గుమ్మం పెట్టింది. విమర్శ చెయ్యవలసిన పని గుమ్మాన్నీ దారినీ విడదీసి చూపించడం.

ఇక మా ఊరి సంగతి. ఇరవై బెంచీలన్నవాళ్ళు పన్నెండు ఇచ్చారు. ఒక్కొక్కదాని వీపుమీద దుకాణం పేరు పెద్ద అక్షరాలతో ఉంది. నా పిల్లలు రోజూ ఆ పేరుకు వీపులానించి కూర్చుంటున్నారు. ఈ ఏడు ఆ దుకాణం వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి వరస నేను నిలబెట్టనని ప్రధానోపాధ్యాయులకు చెప్పాను. ఆయన కోప్పడలేదు. "మిగతా పిల్లలకు బెంచీలు ఎట్లాగండీ?" అని మాత్రం అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. బడికి బెంచీలు వెయ్యవలసింది ప్రభుత్వమని, బట్టలకొట్టు కాదని నేను అన్నాను. ఆయన నావైపు చూసి ఊరుకున్నారు. అర్జీ రాసి మండలం కార్యాలయంలో ఇచ్చాను. బెంచీలు ఇంకా రాలేదు. ఎనిమిదిమంది పట్టే చోట ఇప్పటికీ పాతికమంది నేలమీద ఉన్నారు.

ఆ రోజు నన్ను ప్రశ్న అడిగిన పిల్ల ఇప్పుడు పదో తరగతి. మొన్న క్లాసులో నల్లబల్లమీద రెండు నిలువు గీతలు గీసి, ఆనాటి ఊరేగింపుకు ఎవరు ఏమిచ్చారో, ఎవరు ఏం పుచ్చుకున్నారో పిల్లలచేతనే చెప్పించాను. టోపీలు, జెండాలు, పన్నెండు బెంచీలు ఒకవైపు వచ్చాయి. అరవైమంది, మూడు గంటలు, మూడు కిలోమీటర్లు, ఒక పూట చదువు, బడి పేరు రెండోవైపు వచ్చాయి. "పండగ ఏదో ఇందులో ఎక్కడా రాలేదండీ," అంది ఆ పిల్ల. నేను ఇన్ని పేజీల్లో చెప్పినది ఆమె ఒక్క మాటలో చెప్పింది.